జింజర్ పోయాక బ్యూటీ సుఖపడితే సంతోషించడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సెలవుల్లో మీ పదేళ్ళ అమ్మాయితో కలిసి ‘బ్లాక్ బ్యూటీ’ చదివారు, బ్యూటీ అనే గుర్రం తన కథ తానే చెప్పుకునే అన్నా స్యూవెల్ ఇంగ్లీషు నవల. కుదించిన ప్రతి కాదు, మొత్తం పుస్తకం. చివర్లో గుర్రానికి మంచి ఇల్లు దొరికిందని పాప సంబరపడింది, మీ మనసు మాత్రం కుదుటపడలేదు. బ్యూటీ నేస్తం జింజర్ అనే ఆడగుర్రాన్ని అంత దిక్కులేని చావు చంపి, పది అధ్యాయాలు కూడా గడవకముందే బ్యూటీ సుఖపడింది, సంతోషించండి అంటే ఎలా అని ఒక బాధ. అడుగడుగునా నీతులు వినాల్సి వచ్చిందని ఒక చిరాకు. అన్నిటికంటే పెద్దది మూడోది: ఎన్ని దెబ్బలు తిన్నా నోరెత్తని గుర్రం బతికింది, ఎదురు తిరిగిన ఆడగుర్రం చచ్చింది, ఆడపిల్లకి ఈ పుస్తకం నేర్పేది ఇదేనా అని అడిగారు. అసలు ఇది పిల్లల పుస్తకమేనా, చేతికిచ్చి పొరపాటు చేశానా అన్నది చివరి మాట.

బడిలో ఇంగ్లీషు చెబుతూ, లైబ్రరీలో పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తూ ఈ పుస్తకాన్ని చాలామంది పిల్లలతో, వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ తల్లులతో కలిసి చదివాను. పెద్దవాళ్ళలో దాదాపు అందరూ మీరు ఆగిన చోటే ఆగుతారు. మీ మూడో ప్రశ్న బరువైనది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

అణకువగా ఉన్నందుకే బ్యూటీ బతికిందా? కథ అలాగే చెబుతున్నట్టు పైకి కనిపిస్తుంది. పిల్లప్పుడు తల్లి చెప్పిన బుద్ధులు, ఎప్పుడూ కరవకు, తన్నకు అన్న మాట, చివర్లో పచ్చిక మైదానం. కానీ ఆ రెండు గుర్రాల దారినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదట బర్ట్‌విక్ అనే ఎస్టేటులో ఒకే గుర్రపుశాల, గుర్రాలు చూసే జాన్ మాన్లీ ఒక్కడి చేతి మేత. అక్కడి దొర స్క్వైర్ గోర్డన్ భార్యకి జబ్బు చేసి కుటుంబం దేశం విడిచిపోతే రెండిటినీ ఒకే ఎర్ల్‌కి, అంటే ఒక పెద్ద ప్రభువుకి, అమ్మారు. అక్కడ రెండిటికీ ఒకే బేరింగ్ రెయిన్ పడింది.

ఈ బేరింగ్ రెయిన్ ఏమిటో పాపకి మీరు విడమరిచి చెప్పారో లేదో. నోట్లోని కళ్ళెం నుంచి వీపు మీది సరంజామాకి బిగించే పగ్గం అది. గుర్రం తల దించకుండా, మెడ నిక్కబొడుచుకుని ఠీవిగా కనబడడానికి. బండి లాగే పశువు ఎత్తు ఎక్కేటప్పుడు ఏం చేస్తుంది? తల ముందుకు వంచి, ఒళ్ళంతా మెడ మీదికి తెచ్చి లాగుతుంది. ఎద్దుల బండిలో వంతెన ఎక్కినవాళ్ళెవరికైనా తెలుసు. ఆ తల వంచనివ్వకపోతే బరువంతా వెన్ను మీదా కాళ్ళ మీదా పడుతుంది, గొంతు బిగుసుకుని ఊపిరి ఆడదు. యార్క్ అనే బండివాడు దయగలవాడే, రోజుకో రంధ్రం చొప్పున బిగిస్తాడు. ఒకరోజు దొరసాని వచ్చి, ఇంకా ఎన్నాళ్ళు ఈ గారాబం, ఇప్పుడే తలలు ఎత్తించు అంటుంది. యార్క్ ముందు బ్యూటీకి బిగిస్తాడు, అది భరిస్తుంది. జింజర్ దగ్గరికి వచ్చి, ఇంకా బిగించడానికి పగ్గం విప్పిన క్షణంలో అది వెనక్కాళ్ళ మీద లేస్తుంది. యార్క్ ముక్కు మీద దెబ్బ తగులుతుంది, టోపీ ఎగిరిపోతుంది, తన్నీ తన్నీ చివరికి బండి నొగ మీద పడిపోతుంది.

ఇక్కడిదాకా మీరన్నట్టే ఉంది. కానీ ఆ తర్వాతి మాటలు చాలామంది కళ్ళకి ఆనవు. జింజర్‌ని బండి నుంచి తప్పించాక బ్యూటీ ఇంకో నాలుగు నెలలు అదే పగ్గంతో బండి లాగింది. ఇంకొంత కాలం అలాగే సాగి ఉంటే నా ఆరోగ్యమో నా బుద్ధో ఏదో ఒకటి చెడిపోయి ఉండేది, అందులో సందేహం లేదని అదే చెబుతుంది. అంటే నాది మంచి స్వభావం, జింజర్‌ది చెడ్డది అని బ్యూటీ ఎక్కడా అనుకోలేదు. నా వంతు రాకముందే ఆగింది అంటోంది, అంతే. తర్వాత ఎర్ల్ కొడుకు దౌడుల పిచ్చితో జింజర్‌కి ఊపిరి దెబ్బతీశాడు. ఎర్ల్ గుర్రపుశాలలో పనిచేసే రూబెన్ స్మిత్ తాగి, ఊడిన లాడంతో రాళ్ళ మీద పరిగెత్తించి బ్యూటీ మోకాళ్ళు పగలగొట్టాడు. రెండూ ఒకే పచ్చికలో మళ్ళీ కలుసుకుంటాయి. ఒకటి ఎదురు తిరిగింది, ఒకటి తిరగలేదు. రెండూ పాడైపోయి ఒకే చెట్టు కింద నిలబడ్డాయి. ఒదిగి ఉంటే బాగుపడతావని చెప్పే పుస్తకమైతే ఈ అధ్యాయమే రాయనక్కర్లేదు.

ఇక జింజర్ చావు. లండన్‌లో ఒక పార్కు బయట, లోపల సంగీతం వాయిస్తుంటే, క్యాబ్‌లు, అంటే అద్దె గుర్రపు బండ్లు, వరసగా ఆగి ఉన్నాయి. బ్యూటీ ఎండుగడ్డి తింటోంది. గాలికి ఒక చిన్న పోగు దొర్లిపోతే పక్క బండికి కట్టిన బక్క గుర్రం మెడ చాచి అందుకుని తిని, ఇంకేమైనా ఉందా అని చుట్టూ చూస్తుంది. ఆ గుర్రం జింజర్. ఎవరో తెలియకముందే దాని ఆకలి మనకి కనబడింది. ఒకప్పుడు ఎవరైనా హింసిస్తే ఎదిరించేదానివి కదా అని బ్యూటీ అడుగుతుంది. ఎదిరించాను, లాభం లేదు, మనుషులదే బలం అంటుంది జింజర్. ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. దానికి కాస్త ముందు అది చెప్పిన లెక్క మాత్రం గుర్తుండదు. డబ్బు పోసి కొన్నాం కాబట్టి ఆ డబ్బు నా ఒంట్లోంచి రాబట్టాలంటారు. నన్ను అద్దెకి తీసుకున్నవాడు రోజూ యజమానికి బోలెడు కట్టాలి, కాబట్టి వాడూ నా ఒంట్లోంచే రాబట్టాలి. వారం పొడుగునా ఇదే, ఆదివారం కూడా విశ్రాంతి లేదు.

దీనికి సరిగ్గా ముందు అధ్యాయం సీడీ శామ్ అనే బక్క క్యాబ్‌వాడిది. కుదించిన ప్రతి కొనేవాళ్ళు ఈ అధ్యాయం ఉందో లేదో చూసి కొనండి, అది లేకపోతే పుస్తకానికి వెన్నెముక తీసేసినట్టే. శామ్ తన గుర్రాల్ని మరీ చితకబాదుతున్నాడని తోటివాళ్ళు తప్పుపడితే అతనిలా అంటాడు: ఒక క్యాబుకీ రెండు గుర్రాలకీ రోజుకి పద్దెనిమిది షిల్లింగులు అద్దె కట్టాలి. అది వచ్చాకే నా ఇంట్లో గంజి. ఒక్కో గుర్రం నుంచి తొమ్మిది షిల్లింగులు పిండితే తప్ప నా కూలి మొదలుకాదు. గుర్రాలు పనిచేయకపోతే మేము పస్తులు. కొన్నాళ్ళకి శామ్ కూడా చచ్చిపోతాడు. మన ఊళ్ళో అద్దె ఆటో నడిపేవాణ్ణి అడగండి, పొద్దున మొదటి గంటలు ఎవరి కోసం తిప్పుతాడో. శామ్ ఏమన్నాడో అతనికి వివరించి చెప్పనక్కర్లేదు.

ఆ అద్దె ఎవరికి పోయేది? నికొలస్ స్కిన్నర్ అనేవాడికి. చాలా అధ్యాయాల తర్వాత, బ్యూటీని బాగా చూసుకున్న క్యాబ్‌వాడు జెర్రీ బార్కర్ జబ్బుపడి క్యాబ్ మానేశాక, ఒక ధాన్యం వర్తకుడి చేతిలో బ్యూటీ మరింత చితికిపోయాక, దాన్ని కొన్నది సాక్షాత్తూ ఈ స్కిన్నరే. పాపం శామ్ బండి తోలింది ఇతనికే అనుకుంటాను అని బ్యూటీ ఒక్క ముక్కలో అనేసి ముందుకు పోతుంది. శామ్‌ని చంపిన అద్దె, జింజర్‌ని చంపినలాంటి అద్దె, ఇప్పుడు బ్యూటీ మెడ మీద పడింది. జింజర్‌లా పనిలోనే కుప్పకూలి చచ్చిపోతే బాగుండును అనుకుంటుంది. అణకువ దాన్ని ఎక్కడికి చేర్చిందో చూశారా, సరిగ్గా జింజర్ చేరిన చోటికే.

ఆ తర్వాత అది ఎలా బయటపడిందో నెమ్మదిగా చదవండి, మీ మొదటి ప్రశ్నకి జవాబు అక్కడుంది. ఒక కుటుంబం నలుగురు, పెద్ద పెద్ద పెట్టెలతో క్యాబ్ ఎక్కుతారు. ఇంకో బండి కూడా పిలుద్దాం నాన్నా, ఈ గుర్రం లాగలేదు అని చిన్నపిల్ల బతిమాలుతుంది. తండ్రి వినడు. లడ్గేట్ హిల్ ఎక్కుతూ బ్యూటీ పడిపోతుంది. స్కిన్నర్ దాన్ని కబేళాకి పంపుదామనుకుంటాడు. గుర్రాల వైద్యుడు వచ్చి, పది రోజుల్లో గుర్రాల అమ్మకం ఉంది, అందాకా విశ్రాంతి ఇచ్చి మేపితే చర్మం ధర కంటే ఎక్కువే రావచ్చు అంటాడు. స్కిన్నర్ అయిష్టంగానే ఒప్పుకుంటాడు. మంచి ఓట్స్ దాణా, గడ్డి, ఉడికించిన అవిసెగింజలు కలిపిన తవుడు పెడతారు. బ్యూటీని బతికించింది దాని మంచితనం కాదు, స్కిన్నర్ దయా కాదు. చర్మం కంటే ప్రాణానికి నాలుగు డబ్బులు ఎక్కువ పలుకుతుందన్న లెక్క. ఆ అమ్మకంలో విల్లీ అనే పిల్లవాడు తాతయ్యని బతిమాలకపోతే అదీ లేదు. ఇదివరకు జెర్రీ దాన్ని ఇరవై నాలుగు పౌన్ల పది షిల్లింగులకి కొన్నాడు. ఇప్పుడు ఆ ముసలి రైతు ఇచ్చింది అయిదు పౌన్లు.

విల్లీ లాంటి పిల్లవాడు జింజర్‌కి ఎదురు కాలేదు. రెండు గుర్రాలకీ తేడా ఇంతే. కాబట్టి చివరి పేజీ చదివి మీకు సంతోషం పూర్తిగా రాకపోవడం మీరు సరిగ్గా చదివారనడానికి గుర్తు. అన్నా స్యూవెల్ ఒక్క గుర్రాన్ని గట్టెక్కించింది. స్కిన్నర్ దొడ్డి మాత్రం అలాగే వదిలేసింది, బ్యూటీ బయటికి వచ్చిన మర్నాడు అక్కడికి ఇంకో గుర్రం వచ్చి ఉంటుంది. చివరి వాక్యంలో కూడా బ్యూటీ కొత్త ఇంటి దగ్గరే ఆగిపోదు. పూర్తిగా మెలకువ రాకముందు తాను ఇంకా బర్ట్‌విక్ తోటలో, ఆపిల్ చెట్ల కింద, పాత నేస్తాలతో నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది అంటుంది. ఆ నేస్తాల్లో జింజర్ ఉంది. దాన్ని మరచిపోయి సుఖపడమని రచయిత్రి కూడా మనకి చెప్పలేదు.

మనకి ఈ ముగింపు ఎక్కువ గుచ్చుకోవడానికి ఇంకో కారణం ఉందని నాకు అనిపిస్తుంది. మాట్లాడే మంచి పశువు అనగానే మనకి గుర్తొచ్చేది ఆవు–పులి కథ. అనంతామాత్యుడి భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం. ఆవు బిడ్డకి పాలిచ్చి వస్తానని మాటిచ్చి, అన్నట్టే తిరిగి వస్తే పులి మనసు కరిగిపోతుంది. సత్యానికి అంత బలం ఉందన్న నమ్మకంతో పెరిగాం. ‘బ్లాక్ బ్యూటీ’లో అలా కరిగే పులి ఒక్కటీ లేదు. బ్యూటీ ఎంత మంచిగా ఉన్నా రూబెన్ స్మిత్ తాగడం మానలేదు, దొరసాని పగ్గం వదులు చేయించలేదు, స్కిన్నర్‌కి జాలి కలగలేదు. మారిన మనుషులెవరైనా ఉంటే బర్ట్‌విక్ గుర్రపుశాల కుర్రాడు జో గ్రీన్ లాంటివాళ్ళే, అదీ ఇంకో మనిషి చెప్పబట్టి.

ఇక నీతుల సంగతి. చిరాకు నాకూ కలుగుతుంది. మద్యపానం మీద, ఆదివారం మీద, ఎన్నికల మీద పేజీలకి పేజీలు. జాన్ మాన్లీ, జెర్రీ బార్కర్ నోరు తెరిస్తే సూక్తే. కానీ ఈ పుస్తకం ఎవరి కోసం రాసిందో తెలిస్తే ఆ పేజీలు వేరేగా కనిపిస్తాయి. అన్నా స్యూవెల్ 1820లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబంలో పుట్టింది. పద్నాలుగేళ్ళప్పుడు బడి నుంచి వస్తూ వానలో జారిపడి కాలు దెబ్బతింది. సరైన వైద్యం అందక జీవితమంతా ఎక్కువసేపు నిలబడలేకపోయింది, నడవలేకపోయింది. ఎక్కడికెళ్ళాలన్నా గుర్రపు బండే. ఇంకో ప్రాణి కాళ్ళ మీద ఆధారపడి బతికిన మనిషి ఆమె. 1871లో మొదలుపెట్టి, మంచం పట్టిన రోజుల్లో కొంత కాగితం ముక్కల మీద రాస్తూ, కొంత తల్లి మేరీకి చెప్పి రాయిస్తూ పూర్తిచేసింది. తల్లి అప్పటికే జనం చదివే పద్యకథలు రాసిన రచయిత్రి. 1877 నవంబరులో పుస్తకం వచ్చింది, 1878 ఏప్రిల్లో అన్నా చనిపోయింది. ఆమె రాసిన పుస్తకం ఇదొక్కటే. శవపేటిక తీసుకెళ్ళడానికి వచ్చిన గుర్రాలకి బేరింగ్ రెయిన్లు బిగించి ఉండడం చూసి, అవి తీయించాకే తల్లి బండి కదలనిచ్చిందని చెబుతారు.

ఆమె దృష్టిలో పాఠకులు పిల్లలు కారు, గుర్రాలతో పనిచేసే మనుషులు. గుర్రాన్ని దయతో, అర్థం చేసుకుని చూసేలా వాళ్ళని ఒప్పించడమే తన ఉద్దేశమని ఆమె స్వయంగా రాసుకుంది. అందుకే తడిసిన గడ్డి మార్చకపోతే దాని ఘాటుకి కళ్ళు మండుతాయి, గిట్టల అడుగు కుళ్ళుతుంది అన్న సంగతులు అంత వివరంగా ఉంటాయి. చెమటతో వచ్చిన గుర్రానికి చన్నీళ్ళు పెట్టి, ఒంటి మీద దుప్పటి కప్పకపోతే జో గ్రీన్ చేతిలో బ్యూటీకి ప్రాణాల మీదికి రావడం కథలో ఒక మలుపే, కానీ 1877లో చదివిన గుర్రపుశాల కుర్రాడికి అది పనికొచ్చే పాఠం. అమెరికాలో జంతు సంక్షేమం కోసం పనిచేసిన జార్జ్ ఏంజెల్ 1890లో దీన్ని అచ్చువేయించి బండ్లు తోలేవాళ్ళకీ గుర్రాలు చూసేవాళ్ళకీ పెద్ద ఎత్తున పంచిపెట్టాడు. బేరింగ్ రెయిన్ మీద జనానికి ఏవగింపు పెరగడంలో ఈ పుస్తకం పాత్ర పెద్దదే. పిల్లల అలమారాలోకి ఇది తర్వాత చేరింది, పిల్లలే లాక్కుపోయారు.

అయినా కొన్ని లోపాలు లోపాలే, వాటిని కాలం మీదికి నెట్టి నేను వదిలేయను. గుర్రానికి మంచి యజమాని దొరకాలి అన్నదే ఇందులో అతిపెద్ద కోరిక. గుర్రం అసలు ఎందుకు ఒకరి సొత్తు కావాలి అని ఎవరూ అడగరు. పనివాళ్ళ విషయంలోనూ అంతే. మంచి దొర, నమ్మకమైన నౌకరు ఉంటే లోకం బాగుంటుందన్న ధోరణి. మీకు నచ్చనిది ఇదే అనుకుంటాను, ఆ మాటలో న్యాయం ఉంది. నా మటుకు నాకు, ఈ ధోరణికి పుస్తకం లోపలి నుంచే ఎదురు చెప్పే ప్రాణి జింజర్. దానికి ఇచ్చినన్ని పదునైన మాటలు రచయిత్రి ఇంకెవరికీ ఇవ్వలేదు. యుద్ధగుర్రం కెప్టెన్‌కి మాత్రం ఒకటి ఇచ్చింది. క్రిమియా యుద్ధం దేనికి జరిగింది అని బ్యూటీ అడిగితే, అది గుర్రాలకి అర్థమయ్యే సంగతి కాదు, కానీ చంపడానికే సముద్రం దాటి అంత దూరం వెళ్ళారంటే అవతలివాళ్ళు మహా దుర్మార్గులై ఉండాలి అంటుంది. మీ పాప ఈ మాట దగ్గర ఆగిందా? ఆగకపోతే ఒకసారి వెనక్కి తీసుకెళ్ళండి.

పిల్లకి ఇచ్చి పొరపాటు చేశారా అంటే, చేయలేదు. పదేళ్ళ పిల్ల ఈ చావుని తట్టుకోగలదు. ఆ వయసు పిల్లలు కష్టపడేది చావు గురించి చదవడానికి కాదు, చదివాక పెద్దవాళ్ళు మాట మార్చేస్తే. ఎందుకమ్మా జింజర్ చచ్చిపోయింది అని అడిగితే, పోనీలే, దేవుడి దగ్గర హాయిగా ఉందిలే అనకండి. పుస్తకం తెచ్చి ముందు పెట్టండి. జింజర్ తన చిన్నతనం గురించి చెప్పే అధ్యాయాలు, పగ్గం అధ్యాయం, పచ్చికలో కలుసుకునే అధ్యాయం, పార్కు బయటి అధ్యాయం, ఈ కొన్నే మళ్ళీ చదవండి. ఒక్కో చోట ఆగి, ఇక్కడ ఎవరు ఏం చేసి ఉంటే జింజర్ బతికేది అని అడగండి. పిల్లలు మొదట దొరసానిని తిడతారు, తర్వాత యార్క్ మీదికి వెళ్తారు: వాడికి తప్పని తెలుసు కదా, ఎందుకు బిగించాడు? ఉద్యోగం పోతుందని భయం అని వాళ్ళే చెబుతారు. శామ్ దగ్గరికి వచ్చేసరికి గొంతులు తగ్గుతాయి, ఎందుకంటే వాణ్ణి తిట్టాలో జాలిపడాలో తేల్చుకోలేరు. తేల్చుకోనక్కర్లేదు, మీరూ తేల్చేయకండి.

జాన్ మాన్లీ మాట ఒకటి మాత్రం పాపతో గట్టిగా చదివించండి. జో చేసింది అజ్ఞానం వల్లే కదా అని ఎవరో సర్దిచెప్పబోతే మాన్లీకి కోపం వస్తుంది: వట్టి అజ్ఞానమా? దుర్మార్గం తర్వాత లోకంలో అంత చెడ్డది ఇంకోటి లేదు! ఇదీ నీతిబోధే. కానీ చావుబతుకుల్లో ఉన్న గుర్రాన్ని రాత్రింబగళ్ళు కనిపెట్టుకున్నవాడు అన్న మాట కాబట్టి దానికి బరువుంది. జోని పనిలోంచి తీసేయలేదు, నేర్పించారు. కథ చివర్లో ముసలి బ్యూటీని నుదుటి మీది తెల్ల మచ్చ చూసి గుర్తుపట్టి పట్టరాని సంతోషంతో నిమిరేది ఆ జోయే. ఇందులో మనుషుల మీద ఆశ పెట్టుకోదగ్గ చోటు ఏదైనా ఉంటే ఇదేనని నేను అనుకుంటాను, పచ్చిక మైదానం కాదు.

మీరు పిల్లకి ఏదైనా చేసి చూపించాలనుకుంటే దానికీ దారి ఉంది. మన దేశంలో జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని కింద బండి లాగే, బరువు మోసే పశువుల కోసం 1965లో నియమాలు చేశారు. రోజుకి తొమ్మిది గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా అయిదు గంటలు దాటకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు అసలు కట్టకూడదు. మన వేసవి ఎండలు తెలిసినవాళ్ళకి ఈ నియమం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. పెళ్ళి ఊరేగింపు గుర్రమో, ఇసుక బండి లాగే ఎద్దో కనబడినప్పుడు నీళ్ళు పెట్టారా అని అడగడం పాప నేర్చుకుంటే చాలు. అడిగేటప్పుడు తోలేవాడితో గొడవపడకుండా, అన్నా, పొద్దుట్నుంచీ తిరుగుతున్నావా అని ముందు అతన్ని పలకరించమనండి. శామ్ అధ్యాయం చదివిన పిల్లకి అలా ఎందుకో తెలుస్తుంది.

వెంటనే ఇంకో జంతువుల నవల ఇవ్వాలా అని కూడా అడిగారు. కొన్నాళ్ళు ఆగండి, ఏదైనా నవ్వించే పుస్తకం ఇవ్వండి. మీ కోసం మాత్రం ఒకటి చెబుతాను: శరత్ ‘మహేష్’ కథ, ఎప్పుడో చదివి ఉన్నా మళ్ళీ చదవండి. గఫూర్ తన ఎద్దుని కన్నకొడుకులా చూసుకుంటాడు, ఇంటి కప్పు గడ్డి పీకి దానికి మేత పెడతాడు, చివరికి తన చేతుల్తోనే దాన్ని కొట్టి చంపుతాడు. శామ్ గురించి స్యూవెల్ ఒక్క అధ్యాయంలో చెప్పి వదిలేసినది శరత్ కథంతా నిండి ఉంటుంది. గుర్రం నోటితో చెప్పినప్పుడు మనకి అందనిది, ఆ పశువుని ప్రేమించీ చంపుకున్న మనిషి వైపు నుంచి అందులో కనిపిస్తుంది. పాపకి అది ఇంకో మూడు నాలుగేళ్ళు పోయాక ఇవ్వొచ్చు. అప్పుడు కూడా ముందు మీరు చదివి, తర్వాత కలిసి చదవండి.